రెండు సముద్రములు

మా అనంతపురపు సీమలో చెఱువునకే సముద్రమని పేరు. పట్టణము ప్రక్కనే బుక్కరాయసముద్రము, అనంతసాగరము కలవు. 14వ శతాబ్దమున బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడయరు ఆ చెఱువును కట్టించెనని చెప్పుదురు. అది నిండిన యేండ్లను మా పెద్దలు వ్రేళ్లమీద లెక్కింతురు. ఇట్టి సముద్రములనే యెఱిగిన మా యత్తగారికిని, నాకును మొన్నటి మార్చి మాసమున అండమాను దీవులను చూచు భాగ్యము కలిగినది.

చెన్నపట్టణమునుండి శ్రీవిజయపురమునకు సుమారు 1200 కిలోమీటర్లు. ఓడమీద మూడు దినముల ప్రయాణము. 2024 వఱకు ఆ పట్టణమునకు పోర్టుబ్లెయరని పేరు. అక్కడినుండి పడవలో స్వరాజ్ ద్వీపమునకు పోతిమి. రాధానగర తీరమున తెల్లని యిసుక. ఇసుక యంచుననే ఆకాశమునంటు వృక్షములతో మహారణ్యము. ఎండ నేల దిగని యా నీడలో మా యత్తగారు చాలసేపు మాటాడక నిలిచిరి.

పడవవెంట డాల్ఫినులు ఎగిరిపడుచు వచ్చినవి. తిమింగిలము కనబడలేదు, అది తీరమునకు అరుదుగా వచ్చునట. డాల్ఫినును, తిమింగిలమును చేపలు కావనియు, ఊపిరికై నీటిపైకి వచ్చి, బిడ్డకు పాలిచ్చి పెంచుననియు చెప్పగా, “అయితే మనవంటి తల్లులే!” అని ఆమె మురిసిపోయిరి. కడలిగడ్డి మేసి బ్రదుకు డుగాంగు అను సముద్రధేనువు ఆ దీవులకు రాష్ట్రజంతువు.

శ్రీవిజయపురమున శ్రీకాకుళపువారింట దిగితిమి. తెల్లవాఱకమునుపే ఆ యిల్లాలు బిందెలతో కొళాయికడకు పోవుచుండెను.

“ఇంత నీళ్లు పెట్టుకొని తాగేకి నీళ్లు లేవా, తల్లీ?” అని అత్తగారడిగిరి.

“వానలకి కొదవ లేదమ్మా. ఎండలు వస్తే మాత్రం మాకూ ఇదే పాట్లు.”

అచట ఏటికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వర్షము కురియును. మాకు 550 మాత్రమే. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును. ఈశాన్యపు వానలు మా వఱకు వచ్చుసరికి బలముడుగును. ఆ దీవులలోనో, వాన విస్తారమైనను, నిట్రమైన కొండలనుండి త్వరగా కడలిలో కలియును. ధనిఖరి జలాశయమున నిలిచినదే వేసవికి ఆధారము.

ఇల్లు చేరిన మఱునాడు అత్తగారు చెఱువుకట్టమీద నిలిచి, “వాన తక్కువని ఇన్నాళ్లు ఏడ్చితిమి. పూడిక తీయక పోగొట్టుకొన్నది ఎంతో!” అనిరి. ఈ యేడు తొలివానకు మా యింటి చూరుక్రింద తొట్టి కట్టించితిమి. సోదరీమణులారా, అది నిండినపుడు మాకు మఱియొక సముద్రమును చూచినట్లే యుండెను.