మిల్లరు ఆగిన తరువాత

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్నారు మన పెద్దలు. ఇల్లు కట్టించే యజమాని ప్రయాసను గూర్చి పుట్టిన సామెత ఇది. ఇల్లు కట్టే చేతుల ప్రయాసను గూర్చి అంతటి ప్రసిద్ధమైన సామెత మన నోళ్లలో నానలేదు. తెలుగు బోధించే మాకు ఈ లోటు తరచుగా స్ఫురిస్తూ ఉంటుంది. మన కళాశాలలో కొత్త తరగతి గదులు కట్టించాలని పాలకవర్గంవారు సంకల్పించిన ఈ తరుణంలో, ఆ చేతుల పక్కన నిలిచి తిరిగే ఒక యంత్రాన్ని గురించి నాలుగు మాటలు విన్నవించుకొనడం సముచితమని భావించాము. పద్యాలు చెప్పేవారికి సిమెంటు గొడవ ఎందుకని విద్యార్థి మిత్రులు నవ్వుకొన్నను మాకు అభ్యంతరం లేదు.

కాంక్రీటు కలిపే ఆ యంత్రాన్ని మన పనివారు 'మిల్లరు' అంటారు. అది దేనినీ మరపట్టదు, పిండి చేయదు. కంకర, ఇసుక, సిమెంటు, నీరు కలుపుతుంది, అంతే. అయినను పేరు స్థిరపడిపోయింది. పోర్చుగీసు భాష నుండి వచ్చిన 'మేస్త్రీ' తెలుగులోను, 'మిస్త్రీ'గా ఉర్దూలోను సొంత మాటగా ఇమిడిపోయినట్లే ఇదీ పనిస్థలంలో ఇమిడిపోయింది. పనిస్థలంలో భాషాభేదాలకు తావు తక్కువ.

మిల్లరుతో మాకు గల పరిచయం పుస్తకాల వలన కలిగినది కాదు. మా మేనమామ, మేము మామూ అని పిలిచే పెద్దమనిషి, ముప్పయి ఏండ్లు మిల్లరు నడిపారు. ఎం.ఏ. చదివే రోజులలో వేసవి సెలవులకు వచ్చినప్పుడు ఆయన వెంట వెళ్లి ఇసుక తట్టలు మోశాము. పద్యపాదంలో గణాలు లెక్కించడం విశ్వవిద్యాలయంలో నేర్చుకొంటే, బస్తాకు ఎన్ని తట్టలో లెక్కించడం ఆయన దగ్గర నేర్చుకొన్నాము.

ఆయన నడిపినది '10/7' రకం. అనగా 10 ఘనపుటడుగుల పొడి సరుకు పోస్తే సుమారు 7 ఘనపుటడుగుల తడి కాంక్రీటు ఇచ్చేది. 50 కిలోల సిమెంటు బస్తా సుమారు 35 లీటర్లు, అనగా ఒకటింబావు ఘనపుటడుగు. 1:2:4 పాళ్లలో ఇసుక, కంకర చేర్చితే మొత్తం 8.75 ఘనపుటడుగులవుతుంది. మిగిలిన ఆ కాస్త చోటు చూచి, పని త్వరగా తెమలాలని ఒకటిన్నర బస్తా సరుకు పోయమనే గుత్తేదారులు ఉంటారు. అట్లు పోస్తే సరుకు సరిగా కలవదు, ఇంజను మొరాయిస్తుంది, ఇరుసులు అరిగిపోతాయి. 'కడుపు ఎంతో అంతే పెట్టాలి బేటా' అనేవారు మామూ. ప్రతి ఘానను కనీసం రెండు నిమిషాలు తిప్పవలెనని భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) చెప్పుచున్నది. ఆ అంకె ఆయనకు తెలియదు. రంగు అంతటా ఒకటయ్యేదాకా దింపనిచ్చేవారు కాదు.

పనికి ముందు ఆయన మిల్లరు చుట్టూ ఒకసారి తిరిగేవారు. నేల చదునుగా, గట్టిగా ఉన్నదా, పునాది గోతి అంచుకు దూరంగా ఉన్నదా, చక్రాలకు అడ్డురాళ్లు పడినవా అని చూచేవారు. పళ్లచక్రాల మీద ఇనుప మూత లేకుంటే ఇంజను ముట్టేవారు కాదు. ఆ పళ్ల మధ్య తువ్వాలు కొస చిక్కితే, తువ్వాలుతోపాటు మనిషినీ లాక్కుపోతుంది. లుంగీ, చీర కొంగు, దుపట్టా, పొడుగు చేతుల చొక్కా అన్నీ బిగించుకొన్న తరువాతనే ఎవరైనను దగ్గరకు రావలెను. డీజిలు ఇంజను హ్యాండిలు తిప్పేటప్పుడు బొటనవేలిని చుట్టి పట్టరాదనీ, అయిదు వేళ్లూ ఒకే వైపున ఉంచవలెననీ ఆయన మాకు నేర్పారు. ఇంజను వెనుకకు తన్నినప్పుడు పిడి దానంతట అది చేయి జారిపోవలెను గాని వేలిని విరవరాదు. కరెంటు మిల్లరయితే ఎర్తు తీగ ఉండి తీరవలెను. తీగ తడినేల మీద పడి ఉండరాదు. తడి చేతితో స్విచ్చి ముట్టరాదు. కరెంటు నేలలోకి పారిన క్షణంలోనే సరఫరాను ఆపివేసే బ్రేకర్లు నేడు అంగళ్లలో దొరుకుచున్నవి. వాటి ఖరీదు ఒక ప్రాణం కంటె ఎక్కువ కాదు.

డ్రమ్ము తిరుగుతుండగా పార గాని చేయి గాని లోనికి పోనీయరాదు. పైకెత్తిన హాపరు కింద ఎవరూ నిలువరాదు. దానిని మోసేది ఒక ఇనుప తాడు మాత్రమే, తాడు ఎప్పుడు తెగునో చెప్పి తెగదు. తడి సిమెంటు తీవ్రమైన క్షారం. తాకిన వెంటనే నొప్పి తెలియదు. సాయంకాలానికి పుండుగా బయటపడుతుంది. కంటిలో పడితే కనీసం పావుగంట సేపు మంచినీటితో కడిగి వైద్యుని వద్దకు పోవలెను.

ఇవన్నీ పని నడిచే వేళ జాగ్రత్తలు. అయితే మేము ముఖ్యంగా చెప్పదలచినది పని ఆగిన తరువాతి అరగంట గురించి.

స్లాబు వేసే రోజు ఒక పండుగ వంటిది. తెల్లవారుజామున మొదలైన పని మధ్యాహ్నానికో సాయంత్రానికో ముగుస్తుంది. యజమాని భోజనాలు పెట్టిస్తాడు. చివరి తట్ట పైకి చేరగానే అందరూ చేతులు కడుక్కొని విస్తళ్ల ముందుకు పోతారు. మిల్లరు కడగడం మాత్రం ముఠాలో చిన్నవాడికి వదలివేస్తారు. అది ఆగేది కాదు. సిమెంటు అరగంట దాటిన పిమ్మట బిగియనారంభిస్తుంది; మరునాటికి రాయి అవుతుంది. అలసిన ఒళ్లు, ఆకలి, తొందర, పర్యవేక్షణ లేమి, ఈ నాలుగూ ఒకచోట కూడే సమయం అదొక్కటే.

మేము పనిచేస్తున్న చోటికి పక్క స్థలంలో మరొక ముఠా స్లాబు వేస్తున్న రోజున ఈ ఘోరం మా కంటి ఎదుట జరిగింది. ఇంటరు తప్పి, మరల కట్టవలసిన పరీక్ష రుసుము కోసం పనికి వచ్చిన పద్దెనిమిదేండ్ల కుర్రవాడు డ్రమ్ములోనికి చేయి చాచి, రెక్కలకు అంటిన మాలును గీకుతున్నాడు. అది కరెంటు మిల్లరు. లోపల చేయి ఉన్నదని ఎరుగని మరొకడు, మురికినీరు పారబోయడానికని స్విచ్చి వేశాడు. రెండు వేళ్లు పోయినవి. అది కుడిచేయి. గుత్తేదారు ఆసుపత్రి ఖర్చు భరించి లెక్క ముగించుకొన్నాడు. ఆ కుర్రవాడు ఆ యేడు పరీక్షకు కూర్చోలేదు.

స్విచ్చి వేసినవాడు దుర్మార్గుడు కాదు. వాడూ కూలివాడే, తరువాత చాలా నాళ్లు అన్నం సహించక తిరిగినవాడే. దోషం ఎవరికీ చెందని ఆ అరగంటది. కూలి లెక్క చివరి తట్టతో ముగుస్తుంది. కడగడం ఎవరి పద్దులోను లేదు. పద్దులో లేని పనికి యజమాని ఉండడు. యజమాని లేని పనిలో జాగ్రత్త ఉండదు.

మామూ పద్ధతి వేరుగా ఉండేది. చివరి ఘాన దింపగానే కొంత కంకర, నీరు పోసి కొన్ని నిమిషాలు తిప్పేవారు. కంకరే లోపలి మాలును చాలావరకు తోమివేస్తుంది. ఆ నీరు పారబోసి, యంత్రం ఆపి, కరెంటు మిల్లరయితే ఫ్యూజు పీకి తన జేబులో వేసుకొనేవారు. డీజిలుదయితే హ్యాండిలు చంకన పెట్టుకొనేవారు. ఆ తరువాతనే గీకుడు కర్ర లోనికి పోయేది. గట్టిపడిన మాలును సుత్తితో కొట్టనిచ్చేవారు కాదు. రేకు సొట్టపడితే రేపు అక్కడే ఎక్కువ పేరుకొంటుందని. ఇరుసులకు గ్రీజు, తాడులో తెగిన పోగులు, బెల్టు బిగువు, ఇంజనులో నూనె మట్టం వారానికొకసారి చూచుకొనేవారు. చక్రాల పళ్లకు గ్రీజు పూయాలా వద్దా అన్నది మాత్రం తయారీదారు చెప్పినట్లే. ఇసుక పట్టిన గ్రీజు పళ్లను ఆకురాయి వలె అరగదీస్తుంది. అందరి కంటె చివర ఆయన భోజనానికి కూర్చొనేవారు. అప్పటికి మాంసం ముక్కలు అయిపోయి ఉండేవి.

చట్టాలు లేకపోలేదు. 1996లో పార్లమెంటు నిర్మాణ కార్మికుల కొరకు ప్రత్యేక చట్టం చేసింది. 2020లో వృత్తి భద్రతపై సమగ్ర స్మృతి వచ్చింది. కాని చట్టం స్లాబు రోజున పనిస్థలానికి నడచి రాదు. డబ్బు ఇచ్చేవారు అడిగితేనే వస్తుంది. మన గదులకు డబ్బు ఇచ్చేది మన పాలకవర్గమే. ఆ డబ్బులో మన విద్యార్థుల తల్లిదండ్రుల చందాలున్నవి. ఆ తల్లిదండ్రులలో మేస్త్రీలు, కూలీలు ఉన్నారు.

కావున పాలకవర్గంవారికి మా విన్నపం ఇది. టెండరులో తక్కువ ధర ఒక్కటే చూడక, ఒప్పందపత్రంలో కొన్ని షరతులు చేర్చవలెను: మూత లేని మిల్లరును ఆవరణలోనికి రానీయరాదు; ఎర్తు, బ్రేకరు లేని కరెంటు కలుపరాదు; మిల్లరు నడపడం తెలిసిన ఒక్కని చేతిలోనే దాని ఫ్యూజు, హ్యాండిలు ఉండవలెను; చేతితొడుగులు, సబ్బు, మంచినీరు అందుబాటులో ఉంచవలెను; కడిగే అరగంటకు కూలి విడిగా లెక్కకట్టి ఇవ్వవలెను; అది ముగిసిన తరువాతనే భోజనాలు వడ్డించవలెను. వీటికి అయ్యే ఖర్చు ఒక్క తలుపు ఖరీదుకు మించదని మా నమ్మకం.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. మీలో కొందరు ఆదివారాలలో స్లాబు పనికి పోవుచున్నారని మాకు తెలియును. అందుకు సిగ్గుపడవలసిన పని లేదు, మేమూ పోయినవారమే. అయితే ఫ్యూజు ఎవరి జేబులో ఉన్నదని అడగడానికి కూడా సిగ్గుపడవద్దు. జవాబు రానంతవరకు డ్రమ్ములో చేయి పెట్టవద్దు. మీ పరీక్షలు మీరు స్వహస్తాలతో వ్రాయవలెనని మా కోరిక.