పుణెలో ఫ్లాట్, షోలాపూర్‌లో రెండు మగ్గాలు



మొన్న వధూవరుల పరిచయ మేళావాలో భోజనాల దగ్గర కనీసం నలుగురైదుగురు మమ్మల్ని అడిగారు, "పుణెలో ఫ్లాట్ తీసుకున్నరట గదా, పార్టీ ఎప్పుడు?" అని. తీసుకోలేదని చెబితే కొందరు నమ్మలేదు, కొందరు జాలిపడ్డారు. ఒకాయన మాత్రం పక్కకు పిలిచి, "మేము గూడ అదే ఆలోచనల ఉన్నం, అసలేమైందో చెప్పుండ్రి" అన్నాడు. ప్లేటు చేతిలో పట్టుకుని చెప్పే ముచ్చట కాదిది. అందుకే మేమిద్దరం, భార్యాభర్తలం, కూర్చుని రాస్తున్నాం. కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి.

మా సంగతి మీలో చాలామందికి తెలిసిందే. ముత్తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చిన పద్మశాలి కుటుంబం. తూర్పు భాగంలో పాత ఇల్లు, దాని వెనకే కార్ఖానా. ఒకప్పుడు 8 పవర్‌లూమ్‌లు ఆడేవి, చద్దర్లు, టవళ్లు నేసేవాళ్లం. ఇప్పుడు 4 మిగిలాయి. ఆడేవి 2. ఆ రెండింటినీ తమ్ముడు చూసుకుంటాడు, అతని భార్య కండెలు చుడుతుంది. మా ఇద్దరిలో ఒకరు దుకాణంలో లెక్కలు రాస్తారు, ఒకరు ఇంట్లో కుట్టుపని చేస్తారు. ఇంటికి పెద్ద అవ్వ. 40 ఏళ్లు బీడీలు చుట్టిన చేయి ఆమెది. కొడుకు పుణెలో, హడప్సర్ వైపు ఒక కంపెనీలో పని చేస్తున్నాడు. వయసు 28, జీతం 48,000.

ఫ్లాట్ మాట ఎక్కడ మొదలైందో నిజం చెప్పుకోవాలి. కొడుకు అడగలేదు. వాడికి సంబంధాలు చూడటం మొదలుపెట్టి, బయోడేటా రాయడానికి కూర్చున్నప్పుడు మొదలైంది. పేరు, గోత్రం, ఎత్తు, చదువు, జీతం అన్నీ చకచకా నింపాం. "స్వంత ఇల్లు" అన్న గడి దగ్గర కలం ఆగింది. షోలాపూర్‌లో ఉమ్మడి ఇల్లు అని రాశాం. మూడు సంబంధాలు వచ్చాయి. మూడు ఇళ్లవాళ్లూ ఒకటే మాట అడిగారు, "పుణెలో సొంతది ఉన్నదా?" లేదనగానే మళ్లీ ఫోన్ రాలేదు. వాళ్లను తప్పు పట్టడం లేదు. రేపు మాకే ఆడపిల్ల ఉంటే మేమూ అదే అడిగేవాళ్లమేమో.

అట్లా ఒక ఆదివారం హుతాత్మ ఎక్స్‌ప్రెస్‌లో పుణె బయల్దేరాం. అవ్వ కూడా వస్తానంది. "కొనే ఇల్లు నేను చూడొద్దా?" అంది. హడప్సర్ మీదుగా పోయే ఆ పెద్ద రోడ్డు పేరే షోలాపూర్ రోడ్డు. ఆ బోర్డు చదివి వినిపిస్తే, "మన ఊరి దారే గదా, దూరమేం లేదు" అని నవ్వింది.

మేం చూసిన ఫ్లాట్ పాత బిల్డింగులో మూడో అంతస్తు. ఒక హాలు, ఒక బెడ్‌రూము, వంటిల్లు. ఏజెంటు 600 చదరపు అడుగులు అన్నాడు. మేం టేపు పట్టుకెళ్లాం. గోడ లోపల గోడకు కొలిస్తే 385 వచ్చింది. మిగతాది మెట్లు, లిఫ్టు, గోడల మందం. కొనేవాళ్లకు ఒక మాట: అడగాల్సింది కార్పెట్ ఏరియా. రెరా చట్టం వచ్చాక కొత్త ప్రాజెక్టులో బిల్డరు ఆ లెక్కనే చెప్పాలి. పాత బిల్డింగుల్లో, ఏజెంట్ల నోట్లో మాత్రం ఇంకా పాత లెక్కే నడుస్తోంది.

మేం కొలుస్తుంటే అవ్వ తన కొలత తాను కొలుచుకుంది. హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది. బయటికొచ్చి గడప ముందు చూసింది. రెండు అడుగులు వేస్తే ఎదుటివాళ్ల తలుపు. లిఫ్టు తలుపు తీయించి లోపలికి తొంగి చూసింది. తర్వాత అడిగింది, "మనిషి పోతే పది మంది వచ్చి నిలబడాలె. ఇక్కడ యాడ నిలబడుతరు? నన్ను గీ డబ్బాల నిలబెట్టి కిందికి దించుతరా?"

ఏజెంటుకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాం. మేం నవ్వేసి ఊరుకున్నాం. తిరుగు రైలులో మాత్రం ఆ మాట మా వెంటే వచ్చింది.

ఇల్లు చిన్నదని ఆమె అలా అనలేదు. ఆమె చెల్లెలికి కుంభారిలో గోదూతాయి పరుళేకర్ పేరిట కట్టిన కాలనీలో ఇల్లు వచ్చింది. ఆడం మాస్తర్ ముందుండి కొట్లాడితే బీడీ కార్మికులైన ఆడవాళ్లకు వచ్చిన 10,000 ఇళ్లలో అదొకటి. అదీ చిన్నదే. అయినా అవ్వ అక్కడికి పోతే నాలుగు రోజులు ఉండి వస్తుంది. గడప ముందు చాట పెట్టుకుని కూర్చునే జాగా ఉంది, పలకరించే మనిషి ఉంది. ఆమె కొలిచింది ఆ జాగాను.

ఇక డబ్బు లెక్క. ఫ్లాట్ ధర 38 లక్షలు. పుణె కార్పొరేషన్ హద్దులో స్టాంపు డ్యూటీ అన్నీ కలిపి 7 శాతం. ఆడవాళ్ల పేరు మీద కొంటే 1 శాతం తగ్గుతుంది కాబట్టి 6 శాతం వేసుకున్నాం: 2,28,000. రిజిస్ట్రేషన్ 30,000. ఏజెంటుకు 1 శాతం, అంటే 38,000. సొసైటీ ట్రాన్స్‌ఫర్ రుసుము 25,000. పూర్తయిన బిల్డింగు, పాత యజమాని నుంచి కొంటున్నాం కాబట్టి జీఎస్టీ లేదు. బ్యాంకు 26 లక్షలు ఇస్తానంది. అంటే చేతి నుంచి 12 లక్షలు, పై ఖర్చులు 3 లక్షల 21 వేలు. సున్నం, కుళాయి రిపేర్లు కలిపి 15 లక్షల 50 వేలు అనుకున్నాం.

26 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్లు. నెలకు కంతు సుమారు 22,500. మొత్తం కట్టేది 54 లక్షలు. మెయింటెనెన్స్ నెలకు 2,000 వేరే. అదే బిల్డింగులో అంతే ఉన్న ఫ్లాట్ అద్దె అడిగితే 13,000 చెప్పారు. అంటే సొంతం అనిపించుకోవడానికి నెలకు 11,500 ఎక్కువ. మేం పెట్టే 15 లక్షలు కాక.

అద్దె ఇల్లే సుఖమని మేం అనడం లేదు. 11 నెలల అగ్రిమెంటు, ప్రతిసారీ అద్దె పెంపు, యజమాని కొడుకు పెళ్లంటే ఖాళీ చేయాలి. మా వాడు 4 ఏళ్లలో 3 ఇళ్లు మారాడు. పెళ్లికాని పిల్లలకు అద్దెకు ఇవ్వమని ముఖం మీదే తలుపు వేసినవాళ్లూ ఉన్నారు. మనవాళ్లలో పదేళ్ల కిందట ధైర్యం చేసి పుణెలో కొన్నవాళ్లు ఈరోజు నిమ్మళంగా ఉన్నారు. ఇది కూడా నిజమే. కాకపోతే రేపు వీడి కంపెనీ హింజెవాడికి మారమంటే? హడప్సర్ పుణెకు తూర్పున, హింజెవాడి పడమరన. అద్దె ఇల్లు మారొచ్చు, ఫ్లాట్‌ను మోసుకుపోలేం.

ఇవన్నీ కాగితం మీద రాసుకుని కూడా మేం కొనడానికే మొగ్గాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ 6 లక్షలు ఉంది. ఇంకా 9 లక్షల 50 వేలు కావాలి. సరిగ్గా అప్పుడే ఒకాయన మా కార్ఖానా జాగాకు 19 లక్షలు ఇస్తానన్నాడు. అందులో మా సగం 9 లక్షల 50 వేలు. లెక్క అతికినట్టు సరిపోయింది. దేవుడే చూపించాడనుకున్నాం. అంత బాగా సరిపోయిందే, దాంతోనే మా కళ్లు మూసుకుపోయాయి.

జాగాలో సగం ఎవరూ కొనరు. అమ్మితే మొత్తం అమ్మాలి. తమ్ముణ్ని, అతని భార్యను కూర్చోబెట్టి అడిగాం. తమ్ముడు ఒక నిమిషం ఊరుకుని, "అన్నా, వదినా, మీరు ఎట్లంటే అట్ల. పిల్లగాని పెండ్లి ముచ్చట, నేను అడ్డమొస్తనా?" అన్నాడు. లేచి వెళ్లి మగ్గం స్విచ్ వేశాడు. అతను ఒప్పుకున్నాడనే అనుకున్నాం. అదే సంతోషంలో ఏజెంటుకు ఫోన్ చేసి 51,000 టోకెన్ పంపుతామని చెప్పాం.

నాలుగు రోజుల తర్వాత, మా వీధిలోనే ఉండే ఒకాయన మాటల మధ్య అన్నాడు, "మీ తమ్ముడు అక్కల్‌కోట్ రోడ్డు ఎంఐడీసీల పని అడిగి పోయిండట, రాత్రి పాళీ అయినా పర్లేదన్నడట, నిజమేనా?"

తమ్ముడికి 47 ఏళ్లు. 15 ఏళ్ల వయసు నుంచి సొంత మగ్గం మీద నేసిన మనిషి. వాళ్ల చిన్నపాప పదో తరగతి. మాకు 9 లక్షల 50 వేలు వస్తే అతనికీ 9 లక్షల 50 వేలు వస్తాయి, సమానమే కదా అని మేం లెక్క వేశాం. ఆ డబ్బుతో మాకు ఫ్లాట్ వస్తుంది. అతనికి ఉన్న పని పోతుంది. 38 లక్షల లెక్కలో రూపాయి వదలకుండా రాసుకున్నాం గానీ, ఆ ఒక్క వరుస మాత్రం రాసుకోలేదు.

ఆ రాత్రి కొడుక్కి ఫోన్ చేసి చెప్పాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఫ్లాట్ కావాల్నని నేనెప్పుడన్న అన్ననా? వద్దని కూడ అనలేదు, అది నా తప్పు. బయోడేటా మీరు రాసిన్రు, ఆ గడి కోసం మీరు తిరుగుతున్నరు. బాబాయ్ మగ్గం అమ్మిన పైసలతోని తీసుకున్న ఇంట్ల నాకు నిద్ర పడుతదా?" అన్నాడు. వాడి గొంతులో కోపం ఉంది. మాకు సిగ్గుగానూ అనిపించింది, కొంచెం గర్వంగానూ అనిపించింది.

టోకెన్ పంపలేదు. జాగా అడిగినాయనకు లేదని చెప్పాం. తమ్ముడితో దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున కార్ఖానాకు పోయి, "జాగా అమ్మట్లేదు" అన్నాం. "సరే అన్నా" అన్నాడు. అంతే. మధ్యాహ్నం వాళ్లింటి నుంచి జొన్నరొట్టెలు, సేంగా చట్నీ వచ్చాయి.

ఇక్కడితో కథ అయిపోతే బాగుండేది. ఫ్లాట్ ఆలోచన మాత్రం మేం మానుకోలేదు. కొడుకు ఉద్యోగం పుణెలోనే, రేపు పెళ్లయితే సంసారం అక్కడే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. మీలో ఎవరికైనా పనికొస్తుందేమోనని చెబుతున్నాం. కొనకుండానే కంతు కట్టి చూడటం. అద్దెకు, కంతుకు మధ్య తేడా 11,500 కదా. ప్రతి నెలా 5వ తేదీన, మా ముగ్గురి సంపాదన నుంచి ఆ డబ్బు తీసి బ్యాంకులో వేరే ఖాతాలో వేస్తున్నాం. 24 నెలలు ఒక్కటి కూడా తప్పకుండా వేయగలిగితే అప్పు మోయగల శక్తి మాకుందన్నట్టు. అప్పటికి 2,76,000 చేతిలో ఉంటుంది కూడా.

ఇప్పటికి 7 నెలలైంది. 2 నెలలు తప్పాం. ఒకసారి అవ్వ కంటి ఆపరేషన్. ఒకసారి మగ్గం మోటారు కాలిపోతే తమ్ముడికి సర్దాల్సి వచ్చింది. నిజం కంతు అయి ఉంటే ఆ రెండు నెలలూ బ్యాంకు నుంచి ఫోన్లు వచ్చేవి. మా శక్తి ఎంతో ఏ ఏజెంటూ చెప్పలేదు, ఈ ఖాతా పుస్తకం చెప్పింది.

కొనేవాళ్లను ఆపడానికి ఇది రాయలేదు. తీసుకునేవాళ్లు తప్పకుండా తీసుకోండి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఉందా, జాగా సొసైటీ పేరు మీదికి వచ్చిందా లేక ఇంకా బిల్డరు పేరు మీదే ఉందా, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లకు ఎంత కట్టాలి, ఈ మూడూ అడగండి. వీటికి జవాబు దొరికాక, డబ్బు ఎక్కడి నుంచి తీస్తున్నామన్నది మీ ఇంట్లో కూర్చుని అడగండి. అడిగేటప్పుడు "మీరెట్లంటే అట్ల" అనేవాళ్ల ముఖం చూడండి. మేం చూడలేదు.

సంఘానికి ఒక్క విన్నపం. వచ్చే మేళావా ఫారంలో "స్వంత ఇల్లు" గడి తీసేయమని మేం అడగం, అడిగినా తీయరు. దాని కింద ఇంకో గడి పెట్టండి: "అప్పు ఎంత, ఎవరు కడుతున్నారు?" ఆడపిల్ల తల్లిదండ్రులకు ముందుగా తెలియాల్సింది అదే.

కొడుకు బయోడేటా మళ్లీ రాశాం. ఈసారి ఆ గడిలో ఇలా ఉంది: "పుణెలో అద్దె ఇల్లు. షోలాపూర్‌లో ఉమ్మడి ఇల్లు, నడుస్తున్న రెండు మగ్గాలు. అప్పు లేదు." దాన్ని చదివి వినిపిస్తే అవ్వ, "రెండు గాదు, నాలుగు రాయుండ్రి. ఆ రెండు గూడ నడుస్తయి" అంది.

రెండే ఉంచాం. ఇంకా ఎవరూ ఫోన్ చేయలేదు. ఎదురుచూస్తున్నాం.