వాయిదా పడిన ఋణం

ఉపకారవేతనంతో చదువుకొంటున్న నన్ను ఒక ప్రశ్న తరచు వేధిస్తుంది: ఈ ఋణం తీర్చేది ఎప్పుడు? జాన్ రాటిగన్ అనే అమెరికా క్రీడాకారుని కథ చదివినప్పుడు ఆ ప్రశ్న మరింత బలంగా ఎదురుపడింది.

అమెరికన్ ఫుట్‌బాల్ కోలబంతిని చేతబట్టి పరుగెత్తే ఆట. రక్షణ వరుస వెనుక నిలిచి, బంతి పోయే దారిని పసిగట్టి అడ్డుకొనేవాడు లైన్‌బ్యాకర్. రాటిగన్ అట్టివాడు. హడ్సన్ నది ఒడ్డున 1802లో నెలకొన్న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో చదివాడు. అక్కడ చదువుకు రుసుము లేదు. బదులుగా పట్టభద్రులు ఐదేండ్లు సైన్యంలో పనిచేయాలి. పూర్వం నౌకాదళ విద్యాలయంలో చదివిన రోజర్ స్టాబాక్ 1965లో పట్టా పొంది, నాలుగేండ్ల కొలువు ముగించుకొని, 1969లో, ఇరవై ఏడవ ఏట గాని వృత్తి క్రీడలో అడుగిడలేదు. 2019లో నియమం సడలి, ఆ సేవను వాయిదా వేసుకొనే వీలు కలిగింది.

2021 ఎంపికలో జట్లు 259 మందిని పిలిచాయి. ఆ జాబితాలో రాటిగన్ పేరు లేదు. అయినా సియాటిల్ జట్టు శిక్షణలో చేరి స్థానం సంపాదించాడు. ఆ డిసెంబరులోనే మోకాలు దెబ్బతిన్నది. కోలుకొని మరల ఆడాడు.

పేరు పిలువని జాబితాలు నేనూ చూశాను. అందుకే అతని పట్టుదల నన్ను కదిలించింది. అంతకంటె, వాయిదా పడినంత మాత్రాన ఋణం రద్దు కాదన్న సంగతి నా మనసులో నిలిచిపోయింది. మిత్రులారా, మన బాకీ ఏ రూపంలో తీర్చగలమో ఈ ప్రాంగణంలో ఉండగానే ఆలోచించుకొందాం.