దారం కొన్నంతలో లేసు కాదు

ఇంట్లో ఆడవాళ్ళకు ఏదైనా చేతిపని రావడం మంచిదని మనమందరం అంటాం. అయితే చేతిపనికి సామాను కొనడం వేరు, చేతిపని చేయడం వేరు. ఈ నెల ఆ మాటే మీతో చెప్పాలని ఉంది.

నేను నరసాపురం ప్రాంతపు పల్లెలో పెరిగాను. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఇంటింటి పని. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మ, పిన్ని మధ్యాహ్నం గిన్నెలు కడుక్కొని అరుగు మీద చేరి అల్లేవారు. దారం వాళ్ళు కొనేది కాదు. ఏజెంటు దారం ఇచ్చి, అల్లిన లేసు తీసుకొని కూలి ఇచ్చేవాడు. ఆ కూలి చాలా తక్కువ. ఆ కష్టాన్ని నేను పొగడడం లేదు. కాని ఇచ్చిన దారానికి లెక్క ఉండేది గనుక మా ఇంట్లో ఉండ ఊరికే పడి ఉండడం నేను చూడలేదు.

ఇప్పుడు గృహ దర్శనాలకు వెళ్తే వేరే సంగతి చూస్తున్నాను. ఒక సహోదరి ఎంతో సంతోషంగా తన ట్రంకు పెట్టె తెరిచి చూపించింది. ఊలు ఉండలు, క్రోషియా సూదులు, పూసలు, చమ్కీ పొట్లాలు, ఎండిపోయిన రంగు సీసాలు.

"ఈ ఊలు మా అక్క కొడుకు స్వెట్టరుకండీ అయ్యగారూ" అంది.

"బాబుకి ఎన్నేళ్ళమ్మా?"

"అప్పుడు రెండేళ్ళండి. ఇప్పుడు తొమ్మిదో తరగతి" అని తనే నవ్వేసింది. కాసేపాగి, అమ్మాయి పరీక్ష ఫీజుకు పక్కింట్లో అప్పు తెచ్చానని మెల్లగా చెప్పింది.

ఆమె దుబారా మనిషి కాదు. ఆ పెట్టెలో ఉన్న ప్రతి వస్తువు వెనుకా ఎవరికో ఏదో చేసిపెట్టాలన్న ప్రేమ ఉంది. చిక్కు ఎక్కడంటే, కొనగానే సగం పని అయిపోయినంత తృప్తి కలుగుతుంది. ఇంటికి వచ్చేసరికి ఆ తృప్తి తీరిపోయి, సూది పట్టబుద్ధి కాదు. మళ్ళీ ఎగ్జిబిషన్‌లో తగ్గింపు ధర కనబడుతుంది, ఫోనులో కొత్త అల్లిక కనబడుతుంది. పురుషులు నవ్వుకోవద్దు. మన అటకల మీద తుప్పు పట్టిన పనిముట్లు ఎన్ని లేవు?

అదే రంగు మళ్ళీ దొరకదని కొందరంటారు. నిజమే, ఒక విడత అద్దకానికీ మరో విడతకూ తేడా వస్తుంది. కనుక ఒక పనికి కావలసిన దారమంతా ఒకేసారి కొనడం తెలివే. అయితే అది రేపు మొదలుపెట్టే పనికి మాత్రమే. దాచిన ఊలుకు పురుగు పడుతుంది, ఎలాస్టిక్ పట్టు పోతుంది, జిగురు గట్టిపడుతుంది.

దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు చూపించినవి ఆమె కుట్టిన బట్టలు. ఆమె పెట్టెలో ఎంత గుడ్డ ఉందో ఎవరూ చెప్పుకోలేదు. నిర్గమకాండము 36వ అధ్యాయంలో, గుడారపు పనికి సామాను అవసరానికి మించి వస్తున్నదని పనివారు చెప్పగా, ఇక తేవద్దని మోషే చాటించాడు. దేవుని పనికే ఒక హద్దు ఉంటే మన ట్రంకు పెట్టెకు ఉండవద్దా?

మా స్త్రీల సమాజంలో కొన్ని మాటలు అనుకున్నాం. ముందు ఇంట్లో ఉన్నది కాగితం మీద రాసుకోవాలి. చేతిలో ఉన్నది ముగిసేవరకు కొత్తది కొనకూడదు. కొట్లో ఏదైనా నచ్చితే దాని పేరు, ధర రాసుకొని ఒక నెల ఆగాలి. నెల తరువాత కూడా చేసే తీరిక, ఓపిక ఉంటే అప్పుడు కొనవచ్చు. తాము వాడనిది నేర్చుకొనేవారికి ఇవ్వాలి. ఆ సహోదరి ఒక్క రంగు ఊలు ఉంచుకొని మిగతాది తెచ్చి ఇచ్చింది. దానితో ఇప్పుడు ఇద్దరు ఆడపిల్లలు క్రోషియా నేర్చుకుంటున్నారు.

ప్రియులారా, ఈసారి కొట్టుకు బయలుదేరే ముందు ఒకసారి పెట్టె తెరిచి చూడండి. మీరు చేయాలనుకున్న మేలుకు కావలసినది అందులోనే ఉందేమో! ఉంటే చెప్పులు విడిచి, సూది పట్టుకొని కూర్చోండి.