బర్ఫ్ మీద బండి, నెత్తి మీద హెల్మెట్

స్నోమొబైల్ అనే మాట మా ఇంట్లోకి మా భాంజీ వల్ల వచ్చింది. మా ఆపా కూతురు. అమెరికాలో మినెసోటా రాష్ట్రం, డులూత్ అనే ఊరు. అక్కడ ఒక ఆస్పత్రి ల్యాబులో పని చేస్తుంది. ఊరి పక్కనే సముద్రమంత లేక్ సుపీరియర్. చలికాలం మొదలైతే నెలల తరబడి మంచే మంచు. ఆ మంచు మీద పోయే బండి ఇది. ముందర రెండు స్కీలు, వెనక చక్రాలకు బదులు రబ్బరు ట్రాక్, యుద్ధ ట్యాంకు కింద ఉంటుందే అట్లాంటిది. పైన మోటార్ సైకిల్ మాదిరే సీటు, హ్యాండిలు. మినెసోటాలో వీటి కోసమే 22 వేల మైళ్ల దారులున్నాయట. మన లెక్కలో 35 వేల కిలోమీటర్లు. అడవుల్లోంచి, గడ్డకట్టిన చెరువుల పక్కనుంచి పోతాయి ఆ దారులు.

ల్యాబులో తనతో పని చేసే అమ్మాయిలు చలికాలంలో నాలుగైదుసార్లు పోతారట. అందులో ఇద్దరు సోమాలీలు, మనలాగే నమాజీ కుటుంబాల పిల్లలు. ‘మామూ, నాకూ పోవాలనుంది. అమ్మీకి మీరే చెప్పాలి’ అంది ఫోన్లో.

మా ఆపాకు బండి సంగతి చెప్పడమంటే ఆసాన్ కాదు. మా దూలాభాయ్ 2009లో బైక్ మీద పోయారు. కడప నుంచి ఊరికి వస్తుంటే మగ్రిబ్ వేళ, లైట్లు లేని ట్రాక్టర్ ట్రాలీ. హెల్మెట్ ఉంది. అద్దానికి తగిలించి ఉంది. పోలీసులు బండితో పాటు దాన్నీ తెచ్చి ఇచ్చారు. ఒక్క గీత కూడా పడలేదు దాని మీద. అప్పుడు నేను పేపర్లో జిల్లా డెస్క్ చూస్తున్నా. ‘హెల్మెట్ ధరించి ఉంటే ప్రాణాలు దక్కేవి’ అనే వాక్యం ఎన్నిసార్లు దిద్ది పేజీలో పెట్టానో లెక్కలేదు. ఆ రాత్రి ఆ వార్త ఇంకో సబ్ ఎడిటర్ దిద్దాడు. ఆ వాక్యం తీసేశాడు. ఆయన ఖైరియత్ ఎప్పుడూ అడుగుతుంటాను.

అందుకని ఆపా ముందు కూర్చుని ఎటు నుంచి మొదలుపెట్టాలా అని ఆలోచిస్తుంటే ఆమే అంది, ‘లడ్కీ నాకు ముందే చెప్పింది. నేను నక్కో అంటే మానుకుంటాది. కానీ ఆడ పరాయి దేశంలో ఒక్కతే ఉండాది, దాని ఖుషీ నేనెందుకు ఆపాలి? హెల్మెట్ మాత్రం నువ్వు చూడు. నీకు తసల్లీ అయితేనే ఎక్కమను.’

అంటే జిమ్మేదారీ నా నెత్తి మీదికి వచ్చింది. వారం రోజులు ఇదే పని. డ్యూటీ అయ్యాక రాత్రి కూర్చుని చదవడం, పొద్దున భాంజీకి వాయిస్ మెసేజీలు.

మొదట ఆపా అడిగిందే అందరూ అడుగుతారు. ఇక్కడ మంచి ఐఎస్ఐ హెల్మెట్ కొని పంపిస్తే పోలా? పోదు. మన హెల్మెట్ ఎండ కోసం తయారైంది. గాలి లోపలికి రావాలని పైనా కిందా రంధ్రాలుంటాయి, ముందర ఒకే పొర ప్లాస్టిక్ అద్దం. డులూత్‌లో మైనస్ 20 ఉన్న రోజు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ గాలి మొహానికి మైనస్ 38 లాగా తగులుతుంది. కప్పుకోని చర్మం పది నిమిషాల నుంచి అరగంటలో గడ్డకట్టడం మొదలవుతుంది. ముక్కు కొస, చెంపలు, చెవులు ముందు పోతాయి. 80 అని ఎందుకన్నానంటే ఆ రాష్ట్రంలో ప్రభుత్వ దారుల మీద పరిమితి గంటకు 50 మైళ్లు.

అంతకన్నా పెద్ద ఫికర్ అద్దం. చలికాలం వుజూ చేసి కళ్లజోడు పెట్టుకుని వేడి చాయ్ తాగితే ఏమవుతుందో మీకు తెలుసు. నేను ఉర్దూ మీడియంలో దాన్ని తక్సీఫ్ అని చదువుకున్నా, తర్వాత తెలుగులో సాంద్రీకరణం అని ఇంకోసారి చదువుకున్నా. రెండు భాషల్లో చదివినా పరీక్షలో తప్ప దానితో పని పడలేదు. ఇప్పుడు పడింది. ఊపిరిలోని నమీ చల్లటి అద్దానికి తగిలి నీటిపొర అవుతుంది. మైనస్ 20లో ఆ నీటిపొర కూడా ఆగదు, లోపలి వైపే బర్ఫ్ అయిపోతుంది. చెట్ల మధ్య అంత వేగంలో ఎదురుగా ఏముందో కనపడకపోతే తలకాయకు ఎంత గట్టి డిప్ప ఉండి ఏం ఫాయిదా?

అందుకే మంచు హెల్మెట్లలో రెండు ఏర్పాట్లు చేశారు. ఒకటి, ముక్కూ నోరూ మూసే మెత్తటి రబ్బరు తొడుగు. బ్రెత్ బాక్స్ అంటారు. ఊపిరిని అద్దం వైపు పోనివ్వకుండా కిందికి, పక్కలకు తోసేస్తుంది. రెండోది, రెండు పొరల అద్దం. మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి లోపలి పొర బయటంత చల్లబడదు. ఇంకా ఖరీదైన వాటిలో అద్దంలోనే సన్నటి హీటర్ తీగ ఉంటుంది, వైరు తీసుకెళ్లి బండికి గుచ్చుకోవాలి. భాంజీకి అదే నచ్చింది. నేను వద్దన్నా. ఆమెకు సొంత బండి లేదు, అద్దెకు తీసుకునేదానికి ఆ సాకెట్ ఉంటుందో లేదో, వెనక సీట్లో కూర్చుంటే అందుతుందో లేదో. ఏటా ఐదుసార్లు పోయే మనిషికి రెండు పొరల అద్దం చాలు. రోజూ తిరిగేవాళ్ల సంగతి వేరు, వాళ్లు హీటరుదే కొనుక్కోవాలి.

ఆకారంలో మూడు రకాలు. గడ్డం దాకా ఒకే ముక్కగా ఉండే ఫుల్ ఫేస్. గడ్డం భాగం పైకి లేచే మాడ్యులర్. మోటోక్రాస్ రకం, అంటే ముందర పొడుగాటి టోపీ అంచు, అద్దం బదులు గాగుల్స్. కుర్రాళ్లకు మోటోక్రాస్ మీద మోజు. బరువు తక్కువ, గాలి బాగా ఆడుతుంది, నిలబడి కొండలెక్కే వాళ్లకు చెమట పట్టదు. కానీ గాగుల్స్ అంచుకూ హెల్మెట్‌కూ మధ్య చర్మం కనపడితే అక్కడే చలి కొరుకుతుంది. మా అమ్మాయికి కళ్లజోడు కూడా ఉంది. కళ్లజోడు వాళ్లకు మాడ్యులర్ మేలని నా అభిప్రాయం. ముందు భాగం ఎత్తి జోడు పెట్టుకుని మళ్లీ దించుకోవచ్చు. దించినప్పుడు ‘టక్’ మని రెండు వైపులా తాళం పడాలి, అది ముఖ్యం. ఫుల్ ఫేస్ కంటే కాస్త బరువు. ఆ బరువుకు ఒప్పుకున్నాం.

ముద్రల సంగతి. అక్కడ డాట్ ముద్ర ఉండాలి. మన ఐఎస్ఐ లాంటిదే అనుకునేరు, తేడా ఉంది. డాట్ ముద్ర కంపెనీ తనకు తానే వేసుకుంటుంది, ప్రభుత్వం తర్వాత బజారు నుంచి కొని పరీక్ష చేస్తుంది. ఐరోపా వాళ్ల ఈసీఈ 22.06 అయితే అమ్మకానికి ముందే పరీక్ష. ఇంకొకటి స్నెల్. 1956లో పీట్ స్నెల్ అనే కారు రేసర్ తలకు దెబ్బ తగిలి పోయాడు. హెల్మెట్ పెట్టుకునే పోయాడు, అది కాపాడలేకపోయింది. మరుసటి ఏడాది అతని పేరు మీద సంస్థ పెట్టి హెల్మెట్లను పరీక్షించడం మొదలుపెట్టారు. మేం చూసిన వాటిలో డాట్, ఈసీఈ రెండూ ఉన్నవి దొరికాయి. మినెసోటా చట్టం 18 ఏళ్ల లోపు వాళ్లకే హెల్మెట్ తప్పనిసరి అంటుంది. కెనడాలో ఒంటారియో అయితే అందరికీ. మా ఇంటి చట్టం ఒంటారియో వాళ్లది.

ఇక సైజు, హిజాబు. దీని గురించి రాసిన వాళ్లు తక్కువ, కాబట్టి కాస్త వివరంగా రాస్తా. ఇంట్లో ఆడపిల్లలు స్కూటీ నడిపేవాళ్లకు కూడా పనికొస్తుంది.

టైలర్ టేపు కనుబొమల మీద ఒక వేలు ఎత్తున పెట్టి, వెనక తల ఎక్కడ ఎక్కువ ఉబ్బుగా ఉంటుందో అక్కడి మీదుగా చుట్టి కొలవాలి. ఏ హిజాబుతో బండి ఎక్కుతారో దాన్ని కట్టుకునే కొలవాలి. భాంజీకి ఉత్తి తల 56 సెంటీమీటర్లు, మామూలు హిజాబుతో 58, సోమాలీ స్నేహితురాలు ఇచ్చిన స్పోర్ట్స్ హిజాబుతో 57. తలకు తొడుక్కునే రకం అది, పల్చగా సాగుతుంది, మడతలుండవు. మడత ఉన్న చోట హెల్మెట్ నొక్కి నొప్పి పుడుతుంది, జారే గుడ్డ అయితే హెల్మెట్ తల మీద తిరుగుతుంది. పిన్నులు అస్సలు వద్దు. దెబ్బ తగిలితే మొదట దిగేది ఆ పిన్నే. జడ ముడి నడినెత్తిన ఉంటే హెల్మెట్ పైకి లేస్తుంది, మెడ దగ్గర కిందికి జడ వేసుకుని జాకెట్లోకి తోసెయ్యాలి. హిజాబు కొసలు కూడా అంతే. చున్నీ చక్రంలో చుట్టుకుని పోయిన ఆడవాళ్ల వార్తలు మా జిల్లా పేజీలో ఎన్ని వచ్చాయో. ఆ బండి కింద తిరిగే ట్రాక్ చక్రం కంటే జాలిలేనిది.

షాపుకు పోయిన రోజు వాళ్లకు సాయంత్రం ఆరున్నర, మాకు పొద్దున ఆరు. నేను ఫజ్ర్ చదివి ఆపా ఇంటికి పోయి కూర్చున్నా. వీడియో కాల్. షాపు అబ్బాయి హిజాబు చూసి, లార్జ్ అయితే హాయిగా ఉంటుందని అది తెచ్చాడు. మంచి కుర్రాడే, దయగా మాట్లాడాడు. కానీ హెల్మెట్ హాయిగా ఉండకూడదు. కొత్తది చెంపల్ని నొక్కాలి, తల అటూ ఇటూ తిప్పితే నెత్తి చర్మం కూడా దానితో కదలాలి. లోపలి మెత్తలు వాడే కొద్దీ నలిగి వదులవుతాయి. ‘వెనక నుంచి పైకి ఎత్తి చూడు బేటా’ అన్నా. లార్జ్ సైజుది ముందుకు ఒరిగి ఊడి వచ్చింది. మీడియం కదల్లేదు.

మీడియం పెట్టుకుని ఇరవై నిమిషాలు అట్లే తిరగమన్నా. రెండు నిమిషాల్లో అన్నీ బాగానే ఉంటాయి, పావుగంట దాటితే గానీ నుదుటి మీద ఎక్కడ గుచ్చుతుందో తెలియదు. తీశాక ఎర్రటి గుండ్రటి మచ్చ పడితే ఆ మోడల్ ఆ తలకు సరిపడదు, సైజు ఒకటే అయినా. ఒక్కో కంపెనీ ఒక్కో తల ఆకారానికి పోస్తుంది.

ఆ ఇరవై నిమిషాలూ ఆపా గమ్మున ఉంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా. ఈ బండి ఎట్లా పుట్టిందో చెప్పా. కెనడాలో క్యూబెక్ పల్లెటూళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అని ఒక మెకానిక్. 1934 చలికాలంలో అతని రెండేళ్ల కొడుకుకు అపెండిక్స్ ముదిరింది. దారులన్నీ మంచు. ఆస్పత్రికి తీసుకుపోయే బండి లేదు. పిల్లాడు పోయాడు. ఆ తర్వాత అతను ఏడుగురు కూర్చునే మంచు బండి తయారు చేశాడు, 1937లో పేటెంట్ వచ్చింది. డాక్టర్లు కొనుక్కున్నారు, అంబులెన్సులుగా, బడి పిల్లల బండ్లుగా తిరిగాయి. ఇప్పుడు పిల్లలు ఎక్కే చిన్న బండి, స్కీ-డూ, 1959లో తెచ్చాడు.

ఆపా అంతా విని, ‘ఆ పిల్లోని తల్లి?’ అంది. ఆమె గురించి నేను చదివిన దాంట్లో ఏమీ లేదు.

ఇరవై నిమిషాలయ్యాక హెల్మెట్ తీస్తే నుదుటి మీద మచ్చ లేదు. కళ్లజోడు పెట్టుకుని, ముందు భాగం దించి, గట్టిగా పదిసార్లు ఊపిరి వదలమన్నా. షాపులో వెచ్చగా ఉంటుంది కాబట్టి అది పరీక్షే కాదు, అందుకని తలుపు బయటికి పోయి నిలబడమన్నా. షాపు అబ్బాయి కూడా వెంట పోయాడు. జోడు అంచున కొంచెం మసక, వెంటనే విడిపోయింది. అద్దం సాఫ్.

అప్పుడు ఆపా ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. ‘పట్టీ కట్ చూస్తాను’ అంది. భాంజీ కట్టింది. ‘గ్లవ్స్ వేసుకుని కట్టు.’ వేసుకుని కట్టింది, రెండోసారికి పడింది. ‘విప్పు. మళ్లీ కట్టు.’ ఐదుసార్లు కట్టించింది. పట్టీకీ గదమకూ మధ్య ఒక్క వేలే దూరాలని నేను ముందే చెప్పి ఉన్నా, అదీ చూపించమంది. గ్లవ్స్ తీస్తే తప్ప పడని పట్టీని చలికి ఒళ్లు మండి ఎవరైనా వదిలేస్తారు, అది నాకు తట్టలేదు, ఆమెకు తట్టింది. ఆ తల్లీ కూతుళ్ల మధ్య నేనేం మాట్లాడలేదు. షాపు అబ్బాయికి ఉర్దూ రాకపోయినా పక్కకు జరిగి నిలబడ్డాడు.

ధర మూడు వందల డాలర్ల లోపే పడింది. దగ్గర దగ్గర పాతికవేలు. ఆపా ఖరీదు అడగలేదు. పెళ్లిళ్లకు చీర ధర మూడుసార్లు అడిగే మనిషి.

కొన్నాక చెప్పిన జాగ్రత్తలు రెండే. రాత్రి కారులో వదలొద్దు, లోపలి తడి గడ్డకట్టి పొద్దున తలకు మంచుగడ్డ పెట్టుకున్నట్టుంటుంది. ఇంట్లో ఆరబెట్టు, హీటర్ మీద మాత్రం పెట్టొద్దు. ఒక్కసారి గట్టిగా దెబ్బ తగిలితే పైన గీత లేకపోయినా పారెయ్. లోపల ఉండేది మనం థర్మోకోల్ అనే నురుగే, అది నలిగి దెబ్బను మింగుతుంది, ఒకసారే మింగుతుంది. దెబ్బ తగలకపోయినా ఐదేళ్లకు మార్చాలి. మా ఆపా ఇంట్లో అటక మీద దూలాభాయ్ హెల్మెట్ ఇంకా ఉంది. మొన్న మా పెద్ద ఖాలా మనవడు కాలేజీకి దాన్ని అడిగితే నేనే ఇవ్వనివ్వలేదు, వాడికి కొత్తది కొనిచ్చా. అది యాద్గార్, హెల్మెట్ కాదు.

ఒంటెను కట్టేసి తవక్కుల్ చెయ్యమన్న హదీసు మీ అందరికీ వచ్చు, నేను మళ్లీ చెప్పను. ఆపా మాత్రం ఆ శనివారం కట్టాల్సినవన్నీ కట్టించి కూడా రాత్రంతా తస్బీహ్ తిప్పుతూనే ఉంది. మాకు తెల్లవారుజామున ఫోటో వచ్చింది. తెల్లటి అడవి, నల్ల హెల్మెట్, పైకెత్తిన గడ్డం భాగం, లోపల నవ్వు. ఆపా ఫోటోను వేళ్లతో పెద్దది చేసి ముందు గదమ కింద చూసింది, తర్వాతే మొహం చూసింది.

‘చేతులకేమో పల్చటి గ్లవ్స్ వేసింది చూడు’ అంది. ఇప్పుడు నేను గ్లవ్స్ గురించి చదువుతున్నా.