చిట్టాలో కనబడిన పద్దు

మా నాన్నగారు చిట్టా, ఆవర్జా రెండూ స్వహస్తంతో వ్రాసేవారు. జీవితమంతా సంధులూ సమాసాలూ బోధించిన నాకు పద్దు వ్రాయడం మాత్రం అబ్బలేదు.

బాపట్ల ప్రాంతంలో నా వాటాకు వచ్చిన రెండెకరాల మాగాణిని మా తమ్ముడే సాగు చేస్తున్నాడు. ఏటా సంక్రాంతికి ముప్ఫై బస్తాల కౌలుకు వెలకట్టి, ఆ సొమ్ము నా చేతిలో పెట్టేవాడు. రాతకోతలు లేవు.

2024 జూలైలో, నా పింఛను తాలూకు రిటర్ను నేనే నింపుదామని కూర్చున్నాను. సేద్యపు ఆదాయం మీద ఆదాయపు పన్ను లేదు. పొలం కౌలు కూడా సేద్యపు ఆదాయమే. అయితే ఖర్చులు పోను అది 5,000 రూపాయలు దాటి, తక్కిన ఆదాయం కనీస మినహాయింపును మించితే, రెంటినీ కలిపి పన్ను రేటు కడతారు. 1973లో వచ్చిన ఏర్పాటిది. ద్రుతం తాను లోపించినా, పక్కనున్న పరుషాన్ని సరళం చేసి మరీ పోతుంది కదా! ఇక్కడ పొలం ఆదాయం తాను పన్నుకు చిక్కకుండానే, పింఛను మీది పన్నును పరుషం చేస్తుంది.

అంతకుముందు రిటర్ను నింపిపెట్టే ఆయన ఆ గడిలో గుండుగుత్తగా ఓ అంకె వేసేవాడు. "పన్ను లేని సొమ్మే కదా మాష్టారూ, ఎంత వేస్తేనేం?" అనేవాడు. కింద సంతకం నాది. ఈసారి నిజమైన లెక్క వేద్దామని, ఆ ఏటి జమాఖర్చులు వ్రాసిమ్మని తమ్ముడికి ఫోను చేశాను.

కాసేపు మాట లేదు. "నన్ను లెక్క అడుగుతున్నావా అన్నయ్యా?" అన్నాడు.

నాలుగోనాడు తానే వచ్చి, నలిగిన నోటుపుస్తకం ఒకటి నా ముందు పెట్టాడు. దుక్కి, నారుమడి, నాట్లు, ఎరువులు, కూలీలు అన్నీ కలిపి 62,000. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ తుపానుకు మా పనలు నీట మునిగాయి. దక్కినవి 34 బస్తాలు. రంగు మారిన ధాన్యం గనుక బస్తా 1,100 చొప్పున 37,400. దాని కింద మరో పద్దు: "అన్నయ్యకు కౌలు 45,000."

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాను.

"తుపాను వచ్చిందని నీకు తెలియదా?" అన్నాడు.

తెలుసు. టీవీలో రెండు రోజులు చూశాను. ఆ సంక్రాంతికి డబ్బు లెక్కపెట్టి తీసుకున్నాను కూడా.

రిటర్నులో 45,000 అనే వ్రాశాను. నాకు ముట్టింది అంతే గనుక. నీటి తీరువా సైతం వాడే కట్టాడు, తీసివేయడానికి నాకు ఖర్చంటూ ఏమీ లేదు. సొమ్ము తిరిగి ఇవ్వబోతే వాడు పుచ్చుకోలేదు. పండినదాన్ని బట్టే ఇకమీదట కౌలు అని మాత్రం ఇద్దరం కాగితం వ్రాసుకున్నాం.

ఇప్పుడు సంక్రాంతికి ముందుగా ఆ పుస్తకం చూస్తాను, తరువాతే చెయ్యి చాస్తాను. ఊళ్ళో పొలం ఉంచుకొని పట్నంలో కౌలు అందుకుంటున్న మిత్రులు కూడా ఒక్కసారి అడిగి చూడండి.