బళ్ళారి దారిలో నీళ్ల లెక్క

మన సంఘం పత్రికలో కాశీ, కేదారం, సింగపూరు యాత్రల గురించి రాసిన సభ్యులు చాలామంది ఉన్నారు. నేను వెళ్లి వచ్చింది అంత దూరమూ కాదు, అంత పుణ్యక్షేత్రమూ కాదు. బెంగళూరులో రాత్రి హంపి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి చేర్చే బళ్ళారి. 2025 దసరాకు మూడు రోజులు సెలవు పెట్టి, ఆ పక్క పల్లెలో ఉన్న మా అక్కగారింటికి వెళ్లాను. పండుగ ఒక సాకు. అసలు పని ఒక డబ్బు వ్యవహారం తేల్చడం. ముప్ఫై ఏళ్లుగా బ్యాంకులో పరాయివాళ్ల డబ్బుకు సలహాలు చెప్పినవాణ్ణి, సొంత అక్క డబ్బు దగ్గరికి వచ్చేసరికి జంకానంటే మీరు నవ్వకూడదు.

సంగతి ఇది. మా బావగారు పోయి ఏడాది దాటింది. ఆయన వదిలిన మెట్ట చేను అమ్మితే 12 లక్షలు వచ్చాయి. అక్కకు 62 ఏళ్లు. పెన్షను లేదు, ఆ డబ్బే అండ. మా మేనల్లుడు మాత్రం రెండు నెలలుగా ఫోనులో ఒకటే పాట: "అంతా నీళ్ల కంపెనీల షేర్లలో పెడదాం మామా. నీళ్లు శుద్ధి చేసే కంపెనీలు, సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే కంపెనీలు. బంగారం లేకుండా బతుకుతారు, నీళ్లు లేకుండా ఎవడు బతుకుతాడు?"

వాడి మాట కొట్టిపారేసేది కాదు. 2024 వేసవిలో బెంగళూరులో ట్యాంకరు కోసం మనమందరం పడ్డ పాట్లు మరిచిపోలేదు కదా!

గుంతకల్లు దాటితే రైల్లో భాష మారిపోతుంది. చాయ్ అమ్మే కుర్రాడు కన్నడంలో ధర చెప్పి తెలుగులో చిల్లర లెక్కపెడతాడు. బళ్ళారి అంటే అంతే. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజున పాత బళ్ళారి జిల్లా నుంచి ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఇటు వచ్చాయి, బళ్ళారి పట్టణం మైసూరు వైపు వెళ్లింది. పటం మీద గీత పడింది గాని పెళ్లి సంబంధాలకు గీత పడలేదు. మన నాటకరంగానికి బళ్ళారి రాఘవ గారిని ఇచ్చిన ఊరిలో ఇప్పటికీ సగం బజారు తెలుగే మాట్లాడుతుంది. ఆ గీత దేన్నైనా విడదీసిందంటే నీళ్లనే. ఎవరి వాటా ఎంత అన్న లెక్క తుంగభద్ర బోర్డు చేతిలో ఉంది.

స్టేషను నుంచి మేనల్లుడి మోటారు సైకిలు మీద హగరి ఏరు దాటి ఊరు చేరాను. అక్క కాళ్లకు నీళ్లిచ్చి, "తాగడానికి మాత్రం ఆ చెంబు ముట్టుకోవద్దురా, అది బోరు నీళ్లు" అంది. మంచినీళ్ల బిందె దాదాపు ఖాళీ. పొలాలు పచ్చగా ఉన్నాయి, ఏట్లో నీళ్లున్నాయి, ఇంట్లో తాగడానికి నీళ్లు లేవు!

ఈ ప్రాంతపు బోరు నీళ్లలో చాలాచోట్ల ఫ్లోరైడు ఎక్కువ. లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే ఒకటిన్నర వరకు సరిపెట్టుకోవచ్చనీ మన ప్రభుత్వ ప్రమాణం. ఎక్కువైతే పిల్లల పళ్లకు గార పడుతుంది, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు బిగుసుకుంటాయి. కాచి తాగితే పోయే జబ్బు కాదిది. కాచినకొద్దీ నీరు ఆవిరై ఫ్లోరైడు మరింత చిక్కనవుతుంది. ఇది మన తెలుగు నేలకు కొత్తా కాదు. భారతదేశంలో ఫ్లోరోసిస్‌ను మొట్టమొదట 1937లో గుర్తించింది పొదిలి, దర్శి ప్రాంతంలోనే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నాగపూరు శాస్త్రవేత్తలు పెట్టిన పేరు కూడా నల్లగొండ పద్ధతి. అలాంటి కీర్తి ఏ జిల్లా కోరుకుంటుంది?

మరునాడు పొద్దున్నే క్యాను పట్టుకుని అక్కతో పాటు నీళ్ల ప్లాంటు దగ్గరికి వెళ్లాను. 'శుద్ధ కుడియువ నీరిన ఘటక' అని కన్నడంలో బోర్డు. ఊళ్లో అందరూ 'ఫిల్టరు' అంటారు. ఐదు రూపాయల బిళ్ల వేస్తే 20 లీటర్లు. ఆ రోజు తలుపుకు తాళం వేసి ఉంది. తాళం పడి పదకొండు రోజులైందట. ఆడవాళ్లు రెండు కిలోమీటర్ల అవతలి ఊరి ఫిల్టరుకు పోతున్నారు. బండి ఉన్నవాళ్లు బండి మీద, లేనివాళ్లు నెత్తిమీద.

ప్లాంటు చూసే కుర్రాణ్ణి పిలిపించి లోపలికి వెళ్లి చూశాను. నేను బీకాం చదివినవాణ్ణి, రసాయన శాస్త్రం నాకు రాదు. అతను చెప్పిందాన్ని బట్టి అర్థమైంది ఇది. నీటిని గట్టి ఒత్తిడితో సన్నటి పొర గుండా నెడితే నీరు అవతలికి వస్తుంది, ఉప్పూ ఫ్లోరైడూ ఇవతల మిగిలిపోతాయి. ఈ పొరను వాడుకలోకి తెచ్చినవాళ్లలో మన దేశస్థుడైన శ్రీనివాస సౌరిరాజన్ గారు ఉన్నారు. 1960 ప్రాంతాల్లో అమెరికాలో లోబ్ అనే ఆయనతో కలిసి దాన్ని తయారు చేశారు. సముద్రపు నీటికీ ఇదే సూత్రం, ఒత్తిడి చాలా ఎక్కువ కావాలి గనక కరెంటు ఖర్చు పెరుగుతుంది. వెయ్యి లీటర్ల మంచినీటికి మూడు నాలుగు యూనిట్లు. గల్ఫ్‌లో ఉన్న మన పిల్లలు తాగే నీళ్లలో ఎక్కువ భాగం సముద్రపు నీళ్లను శుద్ధి చేసినవే.

"మరి ఎందుకు ఆగింది నాయనా?" అని అడిగాను.

"పొర ముందుండే ఫిల్టర్లు మూన్నెల్లకోసారి మార్చాల సార్. మార్చలేదు. బురదకు పొర మూసుకపోయింది. పెట్టినోళ్ల గడువు ఐదేండ్లు, అది అయిపాయె. ఇప్పుడు ఎవురిని అడగల్లో తెలీదు" అన్నాడు.

"డబ్బాలో పడే బిళ్లలు?"

అతను సమాధానం చెప్పలేదు. రోజుకు నూటయాభై క్యాన్లు పోయే ప్లాంటు. అంటే 750 రూపాయలు, నెలకు 22,500. కరెంటు బిల్లు, ఈ కుర్రాడి జీతం పోను ఫిల్టర్లకు మిగలకపోదు. మిగిలిందాన్ని పక్కన పెట్టాలని ఎవరూ అనుకోలేదు, అంతే. మా బ్యాంకు భాషలో దాన్ని తరుగుదల నిధి అంటాం.

పక్కనే నిలబడ్డ అక్క ఒక మాట అంది. మేనల్లుడితో అంది గాని నాకే తగిలింది. "నువ్వు షేర్లు కొంటానంటున్న ఆ కంపెనీవాళ్లు మిషను పెట్టి పోయేవాళ్లా, మళ్లా వచ్చి చూసేవాళ్లా?"

ఆర్థిక పత్రికల్లో నీళ్ల కంపెనీల గురించి ఎన్నో వ్యాసాలు చదివాను. ఇంత సూటి ప్రశ్న ఎక్కడా కనబడలేదు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని మేనల్లుడికి నాకు తెలిసినంత చెప్పాను. మన హైదరాబాదు కంపెనీ ఐవీఆర్‌సీఎల్ ఉండేది. నీటి పనుల్లో పెద్ద పేరు. స్పెయిన్ కంపెనీతో కలిసి చెన్నై దగ్గర మింజూరులో రోజుకు పది కోట్ల లీటర్ల మంచినీళ్లు ఇచ్చే ప్లాంటు కట్టింది. 2010 జులైలో అది ప్రారంభమైంది. చెన్నై దాహం నిజం, ప్లాంటూ నిజం. కానీ అప్పుల భారంతో ఆ కంపెనీ 2018లో దివాలా విచారణకు వెళ్లింది, 2019లో లిక్విడేషన్ ఉత్తర్వు వచ్చింది. ప్లాంటు ఆ తరువాత కూడా చెన్నైకి నీళ్లిచ్చింది. షేరు పట్టుకున్నవాడికి మాత్రం మిగిలింది కాగితం.

"అంటే నీళ్ల వ్యాపారమే చెడ్డదా మామా?"

కాదు. అదే చెన్నైలో నెమ్మేలి దగ్గర వాబాగ్ కట్టిన ప్లాంటు 2013లో మొదలైంది. ఆ కంపెనీ ఇప్పటికీ నిలబడి పనులు చేస్తోంది. 1964లో పుట్టిన అయాన్ ఎక్స్‌ఛేంజ్ ప్లాంట్లు కట్టడంతో పాటు నీటిశుద్ధికి కావలసిన రెజిన్లు, రసాయనాలు కూడా అమ్ముతుంది. ఇవి కొనమని నేను చెప్పడం లేదు, తేడా చూడమంటున్నాను. నీళ్లకు గిరాకీ ఉండటం వేరు, ఆ నీళ్లకు బిల్లు కట్టేవాడు ఉండటం వేరు, ఆ బిల్లు వేళకు కట్టడం ఇంకా వేరు. ప్రభుత్వానికి ప్లాంటు కట్టే కంపెనీకి పని ముందు, డబ్బు తరువాత. మధ్యలో జీతాలకూ ఇనుముకూ బ్యాంకు దగ్గర అప్పు. లాభం పుస్తకంలో కనిపిస్తుంది గాని పెట్టెలో కనిపించదు. అందుకని వార్షిక నివేదికలో మూడు చోట్ల వేలు పెట్టాలి. రావలసిన బాకీలు ఎంత, చేతికి నగదు వచ్చిందా, అప్పు పెరుగుతోందా తగ్గుతోందా. నాలుగోది అక్క అడిగింది. ఆదాయంలో కట్టి వెళ్లిపోయే పనుల వాటా ఎంత, ఏటేటా నడిపి బాగుచేసే పనుల వాటా ఎంత?

వాడు కాసేపు ఊరుకుని, "నువ్వెప్పుడైనా కొన్నావా మామా?" అన్నాడు.

కొన్నాను. 2007లో, అందరూ కొంటున్న రోజుల్లో, నీటిశుద్ధి యంత్రాలు అమ్మే ఒక చిన్న కంపెనీ షేర్లు. పేరు అనవసరం. మా అమ్మాయి చదువు కోసం దాచిన దాంట్లోంచి రెండు లక్షలు. అప్పుడు నేనూ వీడి మాటే అన్నాను, నీళ్లు లేకుండా ఎవరు బతుకుతారని. బాకీల పేజీ తిప్పి చూడలేదు. మూడేళ్లలో పదిహేడు వేలు మిగిలాయి. బ్యాంకు ఆఫీసరుకు ఇంతకంటే తలవంపు ఏముంటుంది? ఎవరికీ చెప్పలేదు. ఈ వ్యాసం అచ్చయిన రోజున మా ఆవిడకు కూడా తెలుస్తుంది. ఆ రోజు మా ఇంట్లో వాతావరణం ఎలా ఉంటుందో పాఠకులు ఊహించుకోగలరు.

చివరి రోజు ఇద్దరం హోస్పేట వెళ్లి తుంగభద్ర డ్యాము చూశాం. 2021లో విజయనగర జిల్లా ఏర్పడ్డాక డ్యాము బళ్ళారి జిల్లాలో లేదు గాని, బళ్ళారి ప్రాణం దాంట్లోనే ఉంది. అటు హైదరాబాదు, ఇటు మద్రాసు ప్రభుత్వాలు 1945లో మొదలుపెట్టిన ఈ కట్టడం 1953 నాటికి నీళ్లు నిలిపింది. అప్పట్లో 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి ఇప్పుడు 105 చిల్లర. 33 గేట్లలో 19వది 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయింది. కన్నయ్యనాయుడు గారి లాంటి అనుభవజ్ఞుడు వచ్చి, ప్రవాహం నడుస్తుండగానే వారం రోజుల్లో అడ్డు పలకలు దింపించి మిగిలిన నీళ్లు కాపాడారు. ఆ పాత గేట్లను నమ్మలేక 2025లో జలాశయాన్ని 80 టీఎంసీలకే పరిమితం చేశారు.

గట్టు మీద నిలబడి మేనల్లుడు అన్నాడు: "డ్యాముకు కూడా ఫిల్టరు మార్చలేదన్నమాట." వాడికి పాఠం ఎక్కిందని అప్పుడు నాకు నమ్మకం కుదిరింది. అక్కడికి దగ్గరలోనే హంపి దగ్గర తుర్తు కాలువ ఉంది. విజయనగర రాజుల కాలంనాటిది. ఇవాళ్టికీ అరటి తోటలకు నీళ్లు పారిస్తోంది. దానికి ప్రతి తరమూ పూడిక తీసి, గట్టు వేసి, ఎంతో కొంత చేస్తూనే వచ్చింది. రాజ్యం పోయినా కాలువ మిగిలింది.

ఆ రాత్రి తీర్మానం అక్కే చేసింది. పది లక్షలు పోస్టాఫీసులో వయోవృద్ధుల పొదుపు పథకంలో. మూడు నెలలకోసారి వడ్డీ చేతికొస్తుంది. ఒక లక్ష బ్యాంకులో, అవసరానికి. మిగిలిన లక్ష మేనల్లుడికి. "పోతే పోయింది, నేర్చుకో. అయితే ఆ మిషను నడిచినాకే కొను" అని షరతు పెట్టింది. నేను సంతకాలు చేయించి రైలెక్కాను.

నెల తరువాత ఫోను వచ్చింది. పంచాయతీ చుట్టూ పదిసార్లు తిరిగి, ఊళ్లో ఇంటికింత వేసుకుని, ఫిల్టర్లూ పొరా మార్పించారట. ఇప్పుడు ప్లాంటు గోడ మీద సుద్దముక్కతో నెలవారీ లెక్క రాస్తున్నారు. పడిన బిళ్లలు ఎన్ని, కరెంటు ఎంత, పక్కన పెట్టింది ఎంత. రెండో నెలలో పక్కన పెట్టింది 1,400 రూపాయలేనట. కరెంటు బిల్లు ఎక్కువ వచ్చిందని వాడికి దిగులు.

"షేర్లు కొన్నావా?" అని అడిగాను.

"ఇంకా లేదు మామా. రెండు కంపెనీల నివేదికలు చదివినా. ఒకదానికి రావలసిన బాకీలే ఏడాది అమ్మకాల్లో సగముండాయి. మూడోది చదవతా ఉన్నా."

మన సభ్యుల్లో చాలామందికి సొంత ఊళ్లో ఇంకా ఎవరో ఒకరు ఉన్నారు. ఈసారి పండక్కి వెళ్లినప్పుడు బిందె పట్టుకుని ఒక్కసారి నీళ్ల ప్లాంటు దాకా నడవండి. బిళ్ల వేసే ముందు, ఫిల్టరు ఎప్పుడు మార్చారని అడగండి. అక్కకు మాత్రం ఇప్పుడు ఇంటి పక్కనే నీళ్లు దొరుకుతున్నాయి. సంక్రాంతికి రమ్మంది.